నడవడి కాగితం వచ్చేదాకా కడుపు ఆగుతదా?

సుబేదారిలో కలెక్టరేట్ ఉంది, ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది, పోలీసు ఠాణా ఉంది. చదువు, సర్కారు, లాఠీ మూడూ ఒక్క పేటలోనే. ఇక్కడ చదివి, పరీక్ష రాసి, మెరిట్ లిస్టులో పేరు చూసుకున్న మన పిల్లలు ఆ తర్వాత ఏం చేస్తున్నరు? ఎదురుచూస్తున్నరు. దేనికోసం? "ఇతని నడవడి మంచిదే" అని పోలీసు రాసి పంపే ఒక్క కాగితం కోసం.

దీనికి పెట్టిన పేరు పూర్వాపరాల విచారణ. ఫైలు కొలువిచ్చే ఆఫీసు నుంచి జిల్లాకు, జిల్లా నుంచి స్పెషల్ బ్రాంచికి, అక్కడి నుంచి ఠాణాకు, మళ్లీ అదే తోవన వెనక్కు పోవాలి. ఎక్కడ ఆగిందో చెప్పే నాథుడు లేడు. వారాలు నెలలైతయి. తండ్రికి జీతం ఉన్నోడు ఇంట్ల కూసొని ఆగుతడు. కూలి చేసి చదివించిన తల్లి కొడుకు ఎట్ల ఆగుతడు? కొలువొచ్చిందని చేస్తున్న పని మానేసిండు. అప్పిచ్చినోడు గుమ్మంల నిలబడ్డడు. ఆలస్యం అందరికీ ఒక్కటే గానీ ఆకలి అందరికీ ఒక్కటి గాదు.

ఆ ఫారం ఒకసారి చదవండి. నిన్ను ఎప్పుడన్నా అరెస్టు చేసిండ్రా? కేసు నడిచిందా? బైండోవర్ చేసిండ్రా? జరిమానా పడ్డదా? శిక్ష పడ్డదా అని మాత్రమే అడిగితే న్యాయం. అరెస్టు, బైండోవర్ కూడా అడుగుతున్నరంటే అర్థమేంది? బైండోవర్ శిక్ష గాదు. శాంతిభంగం జరగొచ్చు అనే అనుమానం మీద రాయించుకునే పూచీకత్తు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 126వ సెక్షన్. ఊర్ల అంబేద్కర్ విగ్రహం కాడ గొడవైతే, చెరువు కాడ మాటామాటా పెరిగితే పూచీకత్తుకు పిలిచేది ముందు ఎవరిని? వాడ పిల్లల్నే గదా! మనమొక అట్రాసిటీ కేసు పెడితే తెల్లారేసరికి మన మీద కౌంటర్ కేసు. ఆ కేసు కొట్టేసినా దాని నీడ ఫారం మీద పడుతనే ఉంటది.

అదే ఫారంలో ఇంకో గడి ఉంటది: నిన్ను ఎరిగిన బాధ్యతగల మనుషులు ఇద్దరి పేర్లు రాయాలె. బాధ్యతగల మనుషులు ఎవరయ్యా? చెప్పులు కుట్టి ఊరందరి కాళ్లు కాపాడిన మన తాత బాధ్యతగలవాడు కాడా? కానీ మన పిల్లలు ఆ గడి నింపడానికి ఊరి పటేలు గడప తొక్కుతున్నరు. దొరను కాదని చదువుకున్నోడు కొలువు కోసం మళ్లీ దొర కాడికే పోవాల్నా?

ఈ బుద్ధి కొత్తది గాదు. 1871లో తెల్లదొరలు చట్టం చేసి కులాలకు కులాలనే పుట్టు నేరస్తులన్నరు. ఆ చట్టం మద్రాసు రాజ్యానికి వచ్చినంక ఎరుకలోళ్లను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టిండ్రు. 1952లో చట్టం పోయింది, అనుమానం పోలే. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో చెప్పాల్సి వచ్చింది! 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు నూటికి 16.6 మంది. విచారణ ఖైదీల్లో మాత్రం సుమారు ఐదుగురిలో ఒకరు మనోళ్లే. కేసుల్లో మన వాటా ఎక్కువైతే, కేసుల పేరుతో ఆగే కొలువుల్లో ఎవరి వాటా ఎక్కువైతదో లెక్కల మాస్టారు చెప్పాల్సిన పని లేదు.

2022 జూన్ 17న అగ్నిపథ్‌ను వ్యతిరేకిస్తూ యువకులు సికింద్రాబాద్ స్టేషన్‌లోకి వచ్చినప్పుడు పోలీసు కాల్పుల్లో చనిపోయిన పిల్లగాడు మన వరంగల్ జిల్లా వాడే. రెండు రోజులకే సైన్యం అధికారులు ఆ నిరసనల్లో పాల్గొనలేదని రాసివ్వాలె, పోలీసు విచారణ లేకుండ ఎవర్నీ తీసుకోమని ప్రకటించిండ్రు. రైలు తగలబెట్టినోడూ, నినాదం ఇచ్చినోడూ ఒక్కటేనా?

కోర్టులు ఏమన్నయో చూద్దాం. మధ్యప్రదేశ్‌లో ఒక బడిపంతులు ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ పనుల్లో పాల్గొన్నడని పోలీసు రిపోర్టు వస్తే సర్కారు కొలువు తీసేసింది. 1983లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అది చెల్లదన్నరు. ఆ పంతులు సిద్ధాంతానికీ మనకూ చుక్కెదురు. అయినా ఆ తీర్పు మనదే. రాజకీయం చూసి కొలువు తీసే హక్కు ఇస్తే మొదటి వేటు పడేది మన మీదనే. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూడా చిన్న వయసులో నినాదాలిచ్చిన కేసు లాంటి చిన్నచిన్నవి దాచినా మన్నించవచ్చని చెప్పింది. కానీ అదే తీర్పు పెద్ద కేసులు దాస్తే కొలువు పోవచ్చని, నిజం చెప్పినా కొలువిచ్చేవాడు ఆలోచించుకోవచ్చని కూడా అన్నది. అంటే దాస్తే తప్పు, చెప్తే ముప్పు!

బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ఉంది. చిన్న శిక్ష పడ్డోడు కొన్నేండ్లు మళ్లీ నేరం చెయ్యకుంటే చాలా కొలువులకు ఆ పాత శిక్ష సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ శిక్ష పడ్డోడికున్న మన్నన ఇక్కడ కేసు కొట్టేసినోడికి లేదు.

విచారణే వద్దని మేమనడం లేదు. బడిలో పసిపిల్లల మధ్య నిలబడే మనిషి ఎసుంటోడో తెలుసుకోవాల్సిందే. కానీ అందుకు నెలలెందుకు? పాస్‌పోర్టు విచారణ ఫోను ఆప్‌తో కొద్ది రోజుల్లో ముగిస్తున్నందుకు తెలంగాణ పోలీసులు కేంద్రం నుంచి అవార్డులు తీసుకున్నరు. విమానం ఎక్కేటోడికి ఉన్న తొందర బతుకు బండి ఎక్కేటోడికి ఉండదా?

ఆలస్యం ఖరీదు టీచర్లకు తెలుసు. 2003 డీఎస్సీలో ఎంపికైనోళ్లు 2004 సెప్టెంబర్ 1 దాటినంక చేరినందుకు పాత పింఛను పోగొట్టుకున్నరు. అది వేరే ఆలస్యమే, కానీ తప్పు ఆఫీసులది, శిక్ష మనిషిది అయ్యింది.

అందుకే మేం అడిగేది ఇది:

విచారణకు గడువు పెట్టాలె. ఫైలు ఎక్కడున్నదో అభ్యర్థికి కనబడాలె. అభ్యర్థి ప్రమాణపత్రం తీసుకుని తాత్కాలిక నియామక ఉత్తర్వు ఇయ్యమని కేంద్ర సిబ్బంది శాఖ 2016లో చెప్పింది. రాష్ట్రంలోనైనా కేంద్రంలోనైనా ప్రతి కొలువుకూ అది అమలు కావాలె. కొట్టేసిన కేసు, బైండోవర్ కొలువుకు అడ్డం కారాదు. ఎవరికైనా కొలువు నిరాకరిస్తే కారణం రాసివ్వాలె, జవాబు చెప్పుకునే అవకాశం ఇయ్యాలె. ఆలస్యం పోలీసుదైతే సీనియారిటీ అభ్యర్థిది పోవద్దు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఫారంలో అబద్ధం రాయకండి. కేసు కొట్టేస్తే తీర్పు నకలు ఆ రోజే తీసుకుని భద్రపరచండి. ఫైలు ఆగితే పైరవీకారుకు పైసలియ్యకండి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఒంటరిగ ఠాణా మెట్లెక్కకండి, పదిమంది కలిసి కలెక్టరేట్‌కు పోదాం.

మన నడవడికి సాక్ష్యం మన చెమట. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

జై భీమ్!