తుమ్మను నాటించినవారే తీయించాలి

నౌపడ చుట్టుపక్కల ఏ పెరట్లోకి వెళ్లినా, ఏ గట్టు మీద నడిచినా సర్కారు తుమ్మ కనిపిస్తుంది. మనలో ఎవరూ దాన్ని నాటలేదు. మేకలు తిన్న కాయల్లోని గింజలు పెంటికలతో పాటు పడి మొలిచాయి. నరికితే మోడు చుట్టూ పది కొమ్మలు లేస్తాయి, ఇచ్చిన కూలి దండగ అవుతుంది. అందుకే నరక్కుండా, మందు పోయకుండా చెట్టును వదిలించుకునే దారేదని మన సమావేశాల్లో అడుగుతూనే ఉన్నారు.

ముందుగా మందు మాట. మొదట్లో బెజ్జం పెట్టి గడ్డిమందో ఆసిడో పోసేవాళ్లున్నారు. పెరట్లో చెట్టంటే పక్కనే బావి ఉంటుంది, పశువుల కొట్టం ఉంటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. అలాంటి జిల్లాలో బావి పక్కన విషం పొయ్యమని మేము చెప్పలేం.

మందు లేని పాత పద్ధతి బెరడు ఒలవడం. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. మాను చుట్టూ జానెడు వెడల్పున, తెల్ల చేవ కనబడేదాకా, ఎక్కడా పీచు మిగలకుండా ఒలిస్తే వేళ్లు ఆకలితో చస్తాయి. చెట్టు నిలబడే ఎండిపోతుంది. ఒక్కోసారి ఏడాది, రెండేళ్లు పడుతుంది. సరుగుడులాంటి, మోడు నుంచి సరిగా చిగర్చని చెట్లకు ఇది పనికొస్తుంది. కొబ్బరికి, తాటికి పనికిరాదు, వాటికి అలాంటి బెరడే లేదు. ఇల్లు, కరెంటు తీగల పక్కన మాత్రం ఈ పని చెయ్యొద్దు. ఎండిన చెట్టు గాలివానకు ఎటు పడుతుందో చెప్పలేం. తిత్లీ తుపాను చూసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తుమ్మ దగ్గర ఈ ఉపాయం ఒక్కటే చాలదు. ఒలిచిన చోటుకు కింద, మాను వేళ్లలో కలిసే చోట దానికి మొగ్గలుంటాయి. అక్కణ్నుంచి మళ్లీ లేస్తుంది. మొక్కగా ఉన్నప్పుడే, వాన పడి నేల మెత్తబడ్డాక వేళ్లతో సహా పీకెయ్యాలి. ముదిరితే చుట్టూ అడుగు లోతు తవ్వి, ఆ మొగ్గల భాగానికి దిగువన తెంచి మోడు బయటికి తియ్యాలి. కాయలు పండకముందే ఈ పని అయిపోవాలి.

ఈ తవ్వకం ఒంటరి రైతు వల్ల అయ్యే పని కాదు. అసలిది అతని తప్పూ కాదు. 1877లో ఈ విత్తనాన్ని విదేశం నుంచి తెప్పించి మన కడప జిల్లాలో వేయించింది ఆనాటి మద్రాసు అటవీ శాఖ. ఆ తర్వాత వంటచెరకు కోసమని ప్రభుత్వాలే చల్లించాయి. పేరులోనే సర్కారు ఉంది. కెన్యాలోనూ ఇదే కథ. ఈ కాయలు తిని పళ్లూడిన మేకను అక్కడి పశుపోషకులు కోర్టుకే తీసుకెళ్లి, నష్టానికి ప్రభుత్వమే బాధ్యురాలని వాదించారు. తుమ్మ తొలగించాలని తమిళనాడు ప్రభుత్వాన్ని మద్రాసు హైకోర్టు ఆదేశించింది.

మేము అడిగేది న్యాయమైన కోరిక. చెరువు గట్లు, పంట కాలవలు, బీల అంచులు, చిన్న రైతుల గట్ల మీద తుమ్మను వేళ్లతో తీసే పనిని ఉపాధి హామీ పనుల్లో చేర్చాలి. కొలత మాను నరికినదానికి కాదు, మోడు బయటికి తీసినదానికి వెయ్యాలి. వచ్చిన కట్టె ఆ ఊరి పేదలకే దక్కాలి. తుమ్మ పుల్లలే పొయ్యిలోకి దిక్కైన ఇళ్లు ఉప్పు మడుల పక్కన చాలా ఉన్నాయి. తేలినీలాపురం పక్షులు గూళ్లు కట్టే చెట్ల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ఈసారి గ్రామసభలో పనుల జాబితా రాసేటప్పుడు ప్రతి సభ్యుడూ లేచి ఈ పని పేరు రాయించండి. తీసిన చోట ఓ వేపో, కానుగో నాటండి. ఖాళీగా వదిలేస్తే మళ్లీ తుమ్మే వస్తుంది.