బాబాయి కారులో పాట ఎందుకు చిరిగింది?

‘‘ఒరే, ఇంజినీరువి కదా, ఈ డబ్బా సంగతేందో చూడరా’’ అన్నాడు బాబాయి. నేను రాసేది కోడు. కారు డిక్కీలో ఉండే ఆంప్లిఫయర్‌కీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఆ మాట మా ఊళ్లో చెల్లదు. ఇంజినీరింగ్ చదివావంటే బోరు మోటారైనా, మిక్సీ అయినా బాగు చెయ్యాల్సిందే.

మాది పర్చూరు పక్కన పల్లె. 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది గానీ మా పెద్దోళ్ల నోట ఇంకా ప్రకాశమే. బాబాయికి కాస్త మిర్చి తోట, కిరాయికి తిప్పే ఒక పాత కారు ఉన్నాయి. శివరాత్రికి కోటప్పకొండ కిరాయి ఒప్పుకున్నాడు. పిల్లాజెల్లాతో పెద్ద కుటుంబం. పాటల్లేకుండా కొండకి పోయే బండి మా వైపు ఎవరికీ నచ్చదు. ఈ కారులోనేమో ఘంటసాలకి కూడా జలుబు చేసినట్టుంది.

ఒక మెకానిక్ విని, ‘‘ఆంప్లిఫయర్ పోయింది, కొత్తదేస్తే పన్నెండు వేలవుద్ది’’ అన్నాడట. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకి కట్టిన ధర 11,781 రూపాయలు. అంటే ఈ డబ్బా ఖరీదు ఒక క్వింటా మిర్చి పైమాటే. కోత కూలీ, మందుల ఖర్చు లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అందుకే నన్ను పట్టుకున్నాడు.

కోడులో తప్పు ఎక్కడుందో తెలీనప్పుడు మేం చేసేది ఒకటే. దారిని సగానికి విడగొట్టి ఏ సగంలో తేడా ఉందో చూస్తాం. ఇక్కడా అదే చేశా. స్టీరియో నుంచి వచ్చే ఆర్‌సీఏ తీగలు పీకేసి, నా ఫోన్‌ని నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపా. అదే గరగర. అంటే స్టీరియో తప్పు లేదు. తర్వాత ఎడమ, కుడి స్పీకర్ తీగలు అటూ ఇటూ మార్చా. రెండు వైపులా చిరుగుతోంది, ఎడమ పక్క కొంచెం ఎక్కువ. ఆ ఎడమ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అసలు ఆధారం బాబాయి మాటల్లోనే దొరికింది. ‘‘సన్నగా పెడితే బానే ఉంటది. డప్పు దెబ్బ పడ్డప్పుడే చిరుగుద్ది. రాత్రిపూట లైట్లేస్తే ఇంకా ఘోరం.’’ లైట్లకీ పాటకీ సంబంధం ఏంటి? కరెంటు. ఆంప్లిఫయర్ తనకొచ్చే వోల్టేజీని బట్టే శబ్దం ఇవ్వగలదు. డప్పు దెబ్బకి ఎక్కువ కరెంటు కావాలి. అది అందకపోతే ధ్వని తరంగం కొస తెగి చదునైపోతుంది. క్లిప్పింగ్ అంటే ఇదే. మన చెవికి అది చిరిగినట్టు వినపడుతుంది.

మల్టీమీటర్ తెచ్చా. ఇంజిన్ ఆన్‌లో, పాట గట్టిగా మోగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. డిక్కీలో ఆంప్లిఫయర్ దగ్గర 11.3. మధ్యలో రెండున్నర వోల్టులు ఎటు పోయాయి? పొడుగాటి తీగ ఒకటి కట్టి కొలిస్తే ప్లస్ తీగలో పోయేది 0.3. మిగతా 2.2 గ్రౌండ్ వైపే పోతోంది. గ్రౌండ్ తీగని డిక్కీ రేకుకి బోల్టేసి బిగించారు గానీ కింద పెయింట్ గీకలేదు. పెయింట్ మీద బోల్టు బిగిస్తే కరెంటు ఎట్టా పారుద్ది? పైగా తుప్పు. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించా. 2.2 కాస్తా 0.1కి దిగింది.

పాట చాలావరకు బాగుపడింది. ఇంకో తప్పు బాబాయిదే. సౌండ్ రావట్లేదని ఆంప్లిఫయర్ మీద గెయిన్ మర పూర్తిగా తిప్పేశాడు. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్లిఫయర్‌ని సరిపెట్టే మర. బాస్ బూస్ట్ తీసేసి, గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టండి. తర్వాత గెయిన్ మెల్లగా పెంచుతూ గరగర మొదలైన చోట ఆగి, కొంచెం వెనక్కి తిప్పండి. అంతే.

అక్కడితో సర్దేసేవాడినే. ప్లస్ తీగ ఎటు పోతోందో చూద్దామని బానెట్ ఎత్తా. గుండె జారింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. తీగ ఇంజిన్ వెనక రేకు రంధ్రంలోంచి రబ్బరు కూడా లేకుండా లోపలికి దూరింది. ఆ రేకు అంచుకి రాసుకుని తొడుగు సగం తెగింది. ఇంకొన్నాళ్లు ఆగితే రాగి రేకుకి తగిలేది. అప్పుడు బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఆ తీగలోకి తోసేస్తుంది. తీగ ఎర్రగా కాలి సీటు కింద కార్పెట్ అంటుకుంటుంది. వెనక సీట్లో పిల్లలు.

‘‘ఆంప్లిఫయర్‌కి ఫ్యూజులున్నాయి కదరా?’’ అన్నాడు బాబాయి. అవి ఆంప్లిఫయర్‌ని కాపాడతాయి, తీగని కాదు. తీగకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపే ఉండాలి. అదీ తీగ మొయ్యగలిగేంతే, అంతకు మించింది వేస్తే ఉన్నా లేనట్టే. ఆ తీగ కూడా మోసమే. చాకుతో గీకితే లోపల తెల్లగా ఉంది, రాగి పూత పూసిన అల్యూమినియం. పైన ప్లాస్టిక్ మాత్రం బొటనవేలంత లావు.

మర్నాడు చిలకలూరిపేట పోయి అసలు రాగి తీగ, ఫ్యూజు, రంధ్రానికి రబ్బరు తెచ్చాం. బ్యాటరీ మైనస్ తీసేసి పని మొదలుపెట్టాం. పక్కన కళ్లంలో మిర్చి ఎండుతోంది, తుమ్ముతూనే బిగించాం. ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఎడమ డోర్ స్పీకర్ మాత్రం ఇంకా కరకరమంటోంది. పాట ఆపి కోన్‌ని వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల రాసుకుంటోంది. ఇన్నాళ్ల క్లిప్పింగ్‌కి కాయిల్ కాలింది. దానికి మందు లేదు, మార్చాల్సిందే.

‘‘కాయలు అమ్మినాక చూద్దాంలే’’ అని బాబాయి కుడి పక్కకి బ్యాలెన్స్ తిప్పేశాడు.