చందమామలో నల్ల చెరువు

పౌర్ణమి నాడు బైనాక్యులర్‌తో చందమామను చూశారా? ఉత్తరపు అంచుకు కాస్త ఇవతల, తెల్లటి కొండల నడుమ సిరాచుక్క రాలినట్టు ఓ నల్లమచ్చ కనిపిస్తుంది. అదే ప్లేటో బిలం. 1647లో చంద్రుడి పటాలు అచ్చువేసిన హెవేలియస్ దానికి 'పెద్ద నల్ల చెరువు' అని పేరుపెట్టాడు. (పగలు బీరు వ్యాపారం, రాత్రి దుర్భిణి... అదీ ఆయన దినచర్య!) 1651లో రిచ్చోలి అనే ఇటలీ మతగురువు గ్రీకు తత్వవేత్త పేరు తగిలించాడు. అదే నిలిచింది.

చెరువే గానీ, ఉన్నది నీళ్లు కాదు, గడ్డకట్టిన లావా. సుమారు 380 కోట్ల ఏళ్ల కిందట ఓ గ్రహశకలం ఢీకొని నూరు కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. అంత పెద్ద గోతికి మధ్యలో కొండ ఉండాలి. ఇక్కడ లేదు, లావాలో మునిగిపోయింది. పక్కనే 'ఇంబ్రియం' లావా మైదానం ఉంది కదా, అక్కణ్నుంచి పొంగిందేమో అనుకుంటాం. కానీ గట్టు చుట్టూ వెతికినా ఎక్కడా గండి లేదు! లావా అడుగున పగుళ్లలోంచి ఊటలా ఉబికింది.

అసలు తమాషా వేరే ఉంది. చంద్రుడిపై పొద్దెక్కేకొద్దీ ఈ చెరువు నల్లబడుతోందని 19వ శతాబ్దపు పరిశీలకులు పదేపదే రాశారు. ఎండ పెరిగితే తెల్లబడాలి గానీ ఇదేం చోద్యం? హార్వర్డ్ శాస్త్రవేత్త విలియం పికరింగ్ అయితే, చంద్రుడిపై ఇలాంటి మార్పులకు మొక్కలే కారణమని 20వ శతాబ్దంలోనూ వాదించారు. వాళ్లేమీ అమాయకులు కారు, ఏళ్లతరబడి కళ్లు కాయలు కాసేలా చూసినవాళ్లే. నిజానికి నేల మారలేదు. చుట్టూ కొండలు ఎండకు మెరిసేకొద్దీ నలుపు మరింత నలుపనిపించింది, అంతే. కొత్త తెల్లచొక్కా పక్కన ఉతికిన పంచె కూడా మాసినట్టుండదూ! నీడల్నే నిజమనుకున్న ఖైదీల కథ చెప్పింది ప్లేటోనే. పేరు భలే కుదిరింది.

చూడాలంటే శుద్ధ నవమి ప్రాంతం మంచిది. అప్పుడే అక్కడ తెల్లవారుతుంది. చిన్న టెలిస్కోప్ చాలు. తూర్పు గట్టు శిఖరాల నీడలు నల్లని నేలమీద సూదుల్లా సాగుతాయి. నీడ కోసుగా ఉందని కొండనూ అలాగే ఊహించుకోకండి, అది ఏటవాలు ఎండ మాయ. గంటాగి మళ్లీ చూస్తే సూదులు పొట్టివవుతాయి. పిల్లలకు ఆ రెండూ గీసి పెట్టుకోమనండి. దక్షిణాన మైదానంలో ఒంటరిగా నిలబడ్డ కొండ పీకో. తూర్పున ఆల్ప్స్ పర్వతాలను కత్తితో కోసినట్టు ఓ లోయ. ఇక ప్లేటో నేలమీది బుల్లి గుంటలు రెండు మూడు కిలోమీటర్లకు మించవు. అవి కనిపించాయంటే మీ టెలిస్కోప్ గట్టిదే!