పట్టాకున్న పరీక్ష మనిషికి లేదా?

ఈ వారం భిలాయి సివిక్ సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ మనవాడొకడితో మాటా మాటా అనుకున్నాను. పిల్లల అశ్లీల వీడియోలు పంచుకున్నాడని ఎవరినో పోలీసులు పట్టుకెళ్లారట. అప్పుడే వాడి ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఊరేగుతోంది. "ఇలాంటోడికి వకీలేటండి మావయ్యా? ఎవడూ కేసు పట్టకూడదు" అన్నాడు మనవాడు. పనిచేసేది మన స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో. నాకు ఒళ్లు మండింది.

"అల్ట్రాసోనిక్ పరీక్ష చెయ్యకుండా రైలు పట్టా బయటికి పంపుతారట్రా?" అన్నాను. పంపరు. కంటికి కనపడని పగులుంటే ఎక్కడో బండి పడిపోతుంది. కోర్టులో వకీలు చేసేదీ ఆ పరీక్షే.

ఇలాంటి కేసుల్లో పగుళ్లకేం కొదవ? పిల్లల వీడియోలు తమ కంట పడితే ఇంటర్నెట్ కంపెనీలు అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే పిల్లల రక్షణ సంస్థకి చెబుతాయి. 2022లో అలా అందిన 3.2 కోట్ల సమాచారాల్లో 56 లక్షలకు పైగా మన దేశానివే. 2019 ఒప్పందం ప్రకారం అవి ఢిల్లీలో జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీకి, అక్కణ్ణుంచి రాష్ట్రాల పోలీసులకు చేరతాయి. అందులో తరచుగా ఉండేది ఐపీ అడ్రసు. అడ్రసు మనిషి కాదు కదా! క్వార్టరుకి ఒకటే వైఫై, ఇంట్లో ఆరుగురు, పాస్‌వర్డు తెలిసిన పక్కింటి కుర్రాడు మరొకడు. నొక్కిన వేలు ఎవరిది? సాక్ష్యంగా పెట్టిన ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాశారా? 2024 జులై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్టులో దానికి గడి కూడా ఉంది. ఇవి అడిగేవాడు లేకపోతే అమాయకుడు లోపలికి పోతాడు, అసలువాడు అప్పీల్లో బయటికొస్తాడు. వాడు బయటికొస్తే ఓడేది బాధిత పిల్లే.

చట్టం మెత్తబడాలని నేననను. ఆ వీడియోలు చూసినా, దాచుకున్నా తప్పేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేసి మరీ చెప్పింది. మంచిదే. కానీ పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 30 ప్రకారం నిందితుడికి దురుద్దేశం ఉందనే కోర్టు అనుకుంటుంది. లేదని, అదీ సందేహానికి తావు లేకుండా, రుజువు చేసుకోవలసింది వాడే. ఇంత బరువు నెత్తిన పెట్టి వకీల్ని కూడా వద్దంటే ఇక కోర్టెందుకు, చాయ్ బండి చాలదూ?

అసలు నా కోపం వాట్సాప్ గ్రూపుల మీద. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద యూట్యూబులో కూర్చుని రోత కూశారు. నటుడు సాయి ధరమ్ తేజ్ గొంతెత్తాక తెలంగాణ పోలీసులు కదిలారు. ఆ రోతను తిడుతూనే ఇంటింటికీ మోసింది ఎవరు? మనమే. "జాగ్రత్త, అందరికీ పంపండి" అని పిల్లల వీడియో పంపినా ఐటీ చట్టం 67బీ పట్టుకోగలదు. మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. బాధిత పిల్ల ఫలానా వీధి, ఫలానా బడి అని మీడియాలో పెడితే పోక్సో సెక్షన్ 23 కింద ఏడాది దాకా. నిందితుడి ఫొటో పెట్టి వాడు పిల్ల పక్కింటాయనేనని రాస్తే ఆ పిల్ల ఎవరో చెప్పినట్టు కాదూ? మన గ్రూపుల్లో సగంమంది వకీల్ని వెతుక్కోవలసినవాళ్లే!

ఇక కోచింగుల పేరుతో ఆ ఫోను పిల్లల చేతికిచ్చేదీ మనమే. మన భిలాయిలో ఆరో తరగతికే ఐఐటీ జ్వరం. క్లాసుల కోసమని ఫోను కొంటాం, తలుపేసుకుని చదువుకుంటోందని మురిసిపోతాం.

మనవాడికీ ఏడో తరగతి చదివే కూతురుంది. 1098 ఎవరి నంబరో తెలుసా అన్నాను. తెలీదన్నాడు. పిల్లల హెల్ప్‌లైను అది. "పాప ఫోనులో ఎవరెవరితో మాట్లాడుతుందో తెలుసా?" అన్నాను.

పోయిన ఆదివారం టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పాడు.

– సెక్టార్ మావయ్య