ఆడినవాళ్లు నేర్పేవాళ్లయ్యేది ఎక్కడ?

2025 డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ తొడుక్కుని బంతి ఆడారు. ఫుట్‌బాల్ అంటే ఇంత అభిమానం మన దగ్గర ఉందా అని చాలామంది ఆశ్చర్యపోయారు. దానికి కొద్ది వారాల ముందే మరో సంగతి జరిగింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు వదిలి, పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మెస్సీ రాకకు దొరికిన చర్చలో నూరోవంతు కూడా ఈ వార్తకు దొరకలేదు.

ఆ జట్టుకు ట్రోఫీ తెచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ దేశస్థుడు. 2006లో ఇటలీకి ప్రపంచ కప్ తెచ్చిన జట్టులోని మార్కో మాటరాజీ చెన్నై జట్టుకు కోచ్‌గా వచ్చి 2015లో లీగ్ గెలిపించాడు. అదే ఇటలీ జట్టులో ఆడిన జాంబ్రోటా 2016లో ఢిల్లీ జట్టును సెమీఫైనల్‌కు చేర్చాడు. ఒప్పందం ముగియగానే అందరూ వెళ్లిపోయారు, అందులో వారి తప్పేమీ లేదు. మరి మన ఊళ్లలో బంతి ఆడి పెరిగినవాళ్లలోంచి కోచ్‌లు ఎందుకు రావడం లేదు? సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో పాఠశాల జట్టుకు ఆడి, జిల్లా పోటీల దాకా వెళ్లి, ఇరవై రెండేళ్లకు బూట్లు మూలన పెట్టేసిన యువకుడికి మనం ఏ దారి చూపిస్తున్నాం?

ఇటలీలో ఆ దారి ఎలా ఉంటుందో చెప్పడానికి కార్లో ఆంచెలోటీ జీవితం చాలు. 1959లో రెజ్జోలో అనే చిన్న ఊళ్లో పాడి రైతు ఇంట పుట్టాడు. పో నది మైదానంలోని ఆ ప్రాంతమంతా పొలాలు, పశువులు, జున్ను తయారీ. మన నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద ఉండే ఊళ్లలాంటిదే అది కూడా. పార్మా జట్టుతో మొదలై రోమాకు, అక్కడి నుంచి మిలాన్‌కు ఆడాడు. మోకాలి గాయం వల్ల 1982 ప్రపంచ కప్ జట్టులో చోటు దక్కలేదు, ఆ కప్‌ను ఇటలీ గెలుచుకుంది. 1984 యూరోపియన్ కప్ ఫైనల్‌కూ మళ్లీ గాయమే అడ్డుపడింది. మిలాన్‌తో 1989, 1990ల్లో ఆ కప్ గెలిచి, 1992లో ఆట మానేశాడు. దేశానికి ఆడినవి 26 మ్యాచ్‌లు. మంచి ఆటగాడే కానీ, ఆ తరం గొప్పల జాబితాలో మొదటి వరస పేరు కాదు.

ఇంత ఆడినా అతనికి కోచ్ పదవి నేరుగా దక్కలేదు. ముందు జాతీయ జట్టు కోచ్ అరిగో సాకీ దగ్గర సహాయకుడిగా చేరాడు. సాకీ వృత్తి ఆటగాడు కాదు, కోచ్ అయ్యేముందు చెప్పుల వ్యాపారం చేసినవాడు. మిలాన్‌లో తన కింద ఆడిన ఆంచెలోటీని ఆయన 1994 ప్రపంచ కప్‌కు వెంట తీసుకెళ్లాడు. ఫైనల్లో ఇటలీ బ్రెజిల్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆంచెలోటీ రెండో డివిజన్‌లోని రెజ్జానా జట్టును తీసుకుని ఒక్క ఏడాదిలోనే పై డివిజన్‌కు చేర్చాడు. ఆ రోజుల్లోనే ఫ్లోరెన్స్‌లోని కోవెర్చానోలో చదువు పూర్తిచేసి, ఫుట్‌బాల్ భవిష్యత్తుపై సిద్ధాంత వ్యాసం రాశాడు. కోవెర్చానో 1958 నుంచి నడుస్తున్న ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య కేంద్రం. అక్కడ పెద్ద జట్టును నడపాలంటే ప్రపంచ కప్ గెలిచినవాడైనా బల్ల ముందు కూర్చుని చదవాలి, పరీక్ష రాయాలి, తన ఆలోచన కాగితం మీద పెట్టాలి.

చదివినంత మాత్రాన అంతా వచ్చేయదు. పార్మాలో ఉండగా తన 4-4-2 పద్ధతికి సరిపోడని రొబెర్తో బాజ్జోను వద్దన్నాడు. బాజ్జో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్‌లో 22 గోల్స్ కొట్టాడు. అది తన పొరపాటని ఆంచెలోటీ తర్వాత ఒప్పుకున్నాడు. జువెంటస్‌లో జిదాన్ కోసం పద్ధతినే మార్చుకున్నాడు. మిలాన్‌లో పిర్లోను వెనక్కి జరిపి, డిఫెండర్ల ముందు నిలబెట్టి, ఆట మొత్తం అతని కాళ్ల మీదుగా నడిచేలా చేశాడు. ఆటగాణ్ని పద్ధతిలో ఇరికించడం మానేసి, పద్ధతిని ఆటగాడికి తగ్గట్టు మలచడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు, ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ లీగ్ టైటిళ్లు. 1994లో తమను ఓడించిన బ్రెజిల్‌కే 2025లో కోచ్ అయ్యాడు. మొదటి మెట్టు మీద ఒకరు చేయి పట్టుకున్నారు, రెండో మెట్టు మీద ఒక బడి నిలబెట్టింది. ఆ రెండూ లేకపోతే ఆంచెలోటీ ఎక్కడ ఉండేవాడో ఊహించుకోవచ్చు.

ఈ రెండు మెట్లలో మొదటిది ఒకప్పుడు మన దగ్గరా ఉండేది. ఇటలీకీ మనకూ ఫుట్‌బాల్ బంధం 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనే కలిసింది. లాక్విలా, గ్రొసెటో పట్టణాల్లో మన జట్టు ఆడింది. హంగేరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడి, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. హంగేరీ మీద, పెరూ మీద మన గోల్స్ కొట్టినవాడు సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం బడి పంతులు. ఉస్మానియాలో చదువుతూ ఆడారు, నగరంలోని ఖమర్ క్లబ్‌కు ఆడారు, పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. అప్పటి నుంచి ఆయన చేసినదాన్ని మన క్రీడాధికారులు దగ్గర పెట్టుకుని చదవాలి. కుర్రాళ్లు బంతిని పట్టుకుని ఊరేగకుండా, వెంటనే పాస్ ఇవ్వడం అలవాటయ్యేలా డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నీలు పెట్టారు. ఏ కాలు బలహీనంగా ఉంటే ఆ కాలితోనే ఆడేలా మరో రకం పోటీలు పెట్టారు. వీటికి ఖర్చేమీ లేదు, విదేశీ నిపుణులు అక్కర్లేదు. ఆటను విడదీసి చూడగల కన్ను, పిల్లలకు మెల్లగా ఎక్కించే ఓపిక, రెండూ ఉపాధ్యాయుడికి ఉండే గుణాలు.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూసి ఆయన పేరు మొదటిసారి విన్న తెలుగు పిల్లలు చాలామంది. ఈ నేలమీద పుట్టి, ఈ నేలమీద నేర్పిన మనిషి పేరు పాఠ్యపుస్తకంలో కాక సినిమాలో తెలియడం బాధపెట్టే విషయం.

పోలీసు జట్టు కుర్రాడికి ఉద్యోగం ఇచ్చింది. నెల జీతం వస్తుందన్న ధైర్యంతో పొద్దునా సాయంత్రం ఆడుకునేవాడు, పెద్దవాళ్ల ఆట చూసి నేర్చుకునేవాడు. ఆటగాళ్లు కోచ్‌లు కావడానికి కావలసిన నేల అది. ఆ నేలలోంచి వచ్చినవారిలో నాకు అందరికన్నా ముఖ్యంగా కనిపించేది సయ్యద్ నయీముద్దీన్.

1944లో హైదరాబాద్‌లో పుట్టిన నయీముద్దీన్ డిఫెండర్. సిటీ పోలీసు నుంచి 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, తర్వాత మోహన్ బగాన్‌కు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన సారథ్యంలోనే భారత్ కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన ఆఖరి పతకం అదే. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. బూట్లు విప్పాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన శిక్షణలో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడింటినీ ఒకే సీజన్‌లో గెలిచింది. అదే సంవత్సరం ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు, ఫుట్‌బాల్ నుంచి ఆ గౌరవం దక్కిన మొదటి కోచ్ ఆయనే. 1997లో జాతీయ జట్టును దక్షిణాసియా విజేతగా నిలిపారు. బంగ్లాదేశ్ వెళ్లి ఢాకా బ్రదర్స్ యూనియన్‌కు, ఆ దేశపు జాతీయ జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు. క్రమశిక్షణ విషయంలో రాజీపడని మనిషిగా పేరు. పెద్ద పెద్ద పేర్లున్న ఆటగాళ్లకు కూడా మినహాయింపు ఉండేది కాదు.

ఆ దారిలో ఆయన ఒక్కరే కాదు. షబ్బీర్ అలీ 1974 ఆసియా యూత్ టైటిల్‌ను ఉమ్మడిగా గెలిచిన జట్టు నాయకుడు, కోచ్‌గా 1998-99లో సల్గావకర్‌కు జాతీయ లీగ్ తెచ్చారు. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత కోచ్‌గానూ, ఫిఫా రిఫరీగానూ పనిచేశారు. పీలే ఉన్న కాస్మోస్ జట్టుపై 1977లో ఆడిన మహమ్మద్ హబీబ్ టాటా అకాడమీలో కుర్రాళ్లను తీర్చిదిద్దారు. హకీం 2021లో, హబీబ్ 2023లో వెళ్లిపోయారు.

వీళ్లలో దాదాపు అందరూ కోచ్‌లుగా పేరు తెచ్చుకుంది కలకత్తాలోనో, గోవాలోనో, జంషెడ్‌పూర్‌లోనో, ఢాకాలోనో. రహీం పోయాక హైదరాబాద్‌లో ఆయన పద్ధతిని పట్టుకుని నడిపే బడి మిగల్లేదు. కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి ఆటగాళ్లను తీసుకెళ్లాయి, ఇక్కడ ప్రభుత్వ సంస్థల జట్లు ఒక్కొక్కటిగా నీరసించాయి. రహీం తన జ్ఞానాన్ని మనుషులకు ఇచ్చారు, సంస్థకు ఇవ్వడానికి సంస్థే లేదు. అదే కాలంలో ఇటలీ కోవెర్చానో కట్టుకుంది. ఆ ఇటలీ కూడా 2018, 2022 ప్రపంచ కప్‌లకు అర్హత సాధించలేకపోయింది కాబట్టి బడి ఉంటే చాలు, గెలుపు ఖాయమని అనను. కానీ అక్కడి కోచ్‌లకు ఇంగ్లండ్ నుంచి బ్రెజిల్ దాకా పిలుపు ఆగలేదు.

ఇప్పుడు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు వద్దాం. సూర్యాపేటలో జనానికి ఆటంటే ప్రేమ లేదనడానికి వీల్లేదు. 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు జనం ఎంతగా తరలివచ్చారంటే, గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి మనకు రెండు సంగతులు చెప్పింది: చూసే జనం ఉన్నారు, వాళ్ల ప్రాణానికి భరోసా ఇచ్చే ఏర్పాటు లేదు. నేర్పే విషయంలోనూ ఇదే లోటు. చాలా ప్రభుత్వ పాఠశాలల్లో ఒకే వ్యాయామ ఉపాధ్యాయుడు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి, పైగా పరీక్షల డ్యూటీలు, బడి క్రమశిక్షణ బాధ్యతలు. ఆయనకు ఫుట్‌బాల్‌లో ప్రత్యేక శిక్షణ లేకపోతే అది ఆయన తప్పు కాదు. అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడిచే ప్రైవేటు బడులకైతే గ్రౌండే ఉండదు.

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యను చూడండి. దగ్గర్లో ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పబట్టే ఆమె క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది, 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత మహిళల జట్టులో ఆడింది. అంటే హైదరాబాద్‌లో పుట్టడం తప్పనిసరి కాదు. దగ్గరలో ఒక కోచ్ ఉండటం తప్పనిసరి.

దేశంలో ఇప్పుడు కోచ్ కావడానికి మెట్లు స్పష్టంగానే ఉన్నాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్స్‌తో మొదలై సి, బి, ఎ, ప్రో దాకా ఎక్కాలి. మొదటి మెట్టు ఎక్కడానికి జాతీయ స్థాయిలో ఆడి ఉండాల్సిన పనిలేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ కోర్సులు పెద్ద నగరాల చుట్టూ తిరుగుతాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే మాజీ ఆటగాడు పని మానుకుని, ఊరు వదిలి, రోజుల తరబడి బస ఖర్చులు భరించి కోర్సు చదవాలంటే ఎలా కుదురుతుంది? కోదాడలో సాయంత్రం పూట పిల్లల్ని పోగేసి ఆడించే యువకుడికి సర్టిఫికెట్ లేకపోతే ఏ బడీ అతన్ని కోచ్‌గా తీసుకోదు.

ఊరూరా క్రీడా ప్రాంగణాల బోర్డులు పెట్టడం 2022లో మొదలైంది. క్రీడా విశ్వవిద్యాలయం మాట, కొత్త క్రీడా విధానం మాట తర్వాత వచ్చాయి. వీటిని తప్పుపట్టను, కావలసినవే. అయితే వరస తారుమారైంది. మైదానం లేకున్నా రహీం లాంటి మాస్టారు ఖాళీ స్థలంలో నేర్పగలడు. మాస్టారు లేని ప్రాంగణంలో ముళ్లచెట్లు మొలుస్తాయి, మన ప్రాంతంలో అలాంటివి వెతకాల్సిన పనిలేదు.

కాబట్టి జిల్లా క్రీడాధికారులకు, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికి, ఈ మూడు పట్టణాల ప్రజాప్రతినిధులకు ఒక్కటే విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా సూర్యాపేటలో ఒక డి లైసెన్స్ కోర్సు పెట్టించండి. మూడు పట్టణాల నుంచి మాజీ ఆటగాళ్లను, వ్యాయామ ఉపాధ్యాయులను పిలవండి, సగం సీట్లు అమ్మాయిలకు ఉంచండి, ఫీజూ బసా ప్రభుత్వం భరించాలి. పాసైనవారిని పాఠశాలలకు గౌరవ వేతనంపై తీసుకోండి. మెస్సీ పర్యటనకు అయిన ఖర్చులో చిన్న ముక్కతో ఇది అయిపోతుంది.