మానెయ్యడం మందు కాదు

నలభై దాటిన మనిషి పొద్దున్నే పరుగెత్తి, కాస్త కుంటుతూ ఇంటిదారి పడితే మంగళగిరిలో తీర్పు సిద్ధంగా ఉంటుంది. "ఎందుకు బాబాయ్ ఈ వయసులో పరుగులు? గుజ్జు అరిగిపోద్ది, మానెయ్." టీకొట్టు దగ్గర అదే మాట, పెళ్ళి భోజనాల దగ్గర అదే మాట. నా ఎడమ మడమ వెనక చాన్నాళ్ళుగా ఒక నొప్పి తిష్ఠ వేసింది. మంచం దిగగానే నాలుగడుగులు కుంటిస్తుంది, కాసేపటికి సర్దుకుంటుంది. చూపించుకుందామని వెళితే ఒక డాక్టరుగారు కాలు ముట్టుకోకుండానే చీటీ మీద "రన్నింగ్ బంద్" అని రాసిచ్చారు. ఎన్నాళ్ళు బంద్, ఆ తర్వాత ఏం చెయ్యాలి అన్నది చీటీలో లేదు.

చెప్పేవాళ్ళు మన మంచి కోరే చెబుతారు. మాట మాత్రం తప్పు. సరదాకి పరుగెత్తేవాళ్ళను నెలల తరబడి వేధించే మడమ, పిక్క, మోకాలిచిప్ప నొప్పుల్లో చాలావాటికి పరుగు మానడం వైద్యం కాదు, వైద్యాన్ని వాయిదా వెయ్యడం. ఆ సలహా మూడు నమ్మకాల మీద నిలబడింది. పరుగు కీళ్ళను అరగదీస్తుందన్నది ఒకటి. విశ్రాంతి ఇస్తే ఏదైనా దానంతటదే నయమవుతుందన్నది రెండోది. సరదా కోసం నొప్పి ఎందుకు పడాలన్నది మూడోది.

అరుగుదల సంగతి ముందు చూద్దాం. ఇది మోకాలిని లారీ టైరు లెక్కన చూడడం. ఇన్ని వేల కిలోమీటర్లకు ఇంత అరుగుతుంది, బండి ఆపేస్తే మిగులుతుంది. కానీ టైరుకు ప్రాణం లేదు, మోకాలికి ఉంది. మనం గుజ్జు అనే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. బరువు పడుతూ తేలుతూ ఉన్నప్పుడే అది కీలులోని ద్రవం నుంచి పోషణ తీసుకుంటుంది. 2017లో పాత అధ్యయనాలను కూడి చూసినప్పుడు, మోకాలి, తుంటి కీళ్ళవాతం సరదాగా పరుగెత్తేవాళ్ళలో నూటికి 3.5 మందిలో కనిపించింది. అసలు పరుగెత్తనివాళ్ళలో 10.2, పోటీల కోసమే పరుగెత్తేవాళ్ళలో 13.3. అంటే అరుగుదల భయం కొంత నిజమయ్యేది పోటీల స్థాయి పరుగులో. దాన్ని తెచ్చి వారానికి మూడు నాలుగు రోజులు పరుగెత్తే బ్యాంకు గుమాస్తాకు అంటగడుతున్నాం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1984 నుంచి 2002 దాకా కొందరి మోకాళ్ళకు ఎక్స్‌రేలు తీస్తూ వచ్చారు. చివరికి దూరపు పరుగులవాళ్ళలో నూటికి 20 మందికి, తక్కినవాళ్ళలో 32 మందికి కీళ్ళవాతం తేలింది.

గట్టి మోకాళ్ళున్నవాళ్ళే పరుగులో నిలబడతారు, బలహీనులు ముందే మానేస్తారు గదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్టాన్‌ఫర్డ్ ఎక్స్‌రేలు తీయించుకున్నవాళ్ళు వందమంది లోపే కూడాను. అందుకే పరుగు మోకాళ్ళను కాపాడుతుందని నేను ఒట్టేసి చెప్పను. పరుగు గుజ్జును తినేస్తుందని ఒట్టేసి చెప్పేవాళ్ళకు మాత్రం ఆ హక్కు లేదంటాను. మోకీలు మార్పిడి కోసం ఆసుపత్రుల్లో వరస కట్టినవాళ్ళను అడిగి చూడండి, జీవితంలో ఎన్నిసార్లు ఊరి చివరిదాకా పరుగెత్తారో.

ఇక విశ్రాంతి. దాని కథ మా మంగళగిరిలోనే ఉంది. ఇవాళ ఎయిమ్స్ నిలబడ్డ స్థలంలో ఒకప్పుడు క్షయ రోగుల శానిటోరియం ఉండేది. మందులు లేని కాలంలో క్షయకు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. మందులు వచ్చాక కూడా ఆ మంచం తప్పదనే వైద్యలోకం నమ్మింది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. ఒక జట్టును శానిటోరియంలో ఉంచి, ఇంకో జట్టును వాళ్ళ ఇరుకిళ్ళలోనే ఉండనిచ్చి, రెండు జట్లకూ అవే మందులిచ్చింది. ఇంటి పట్టున చాలీచాలని తిండి తింటూ, పనులు చేసుకుంటూ ఉన్నవాళ్ళు ఇంచుమించు శానిటోరియం వాళ్ళంత బాగానే కోలుకున్నారు. 1959లో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతటా శానిటోరియాల అవసరమే సన్నగిల్లింది.

మంచం దిగమన్న సందర్భం అదొక్కటే కాదు. గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి కదలనివ్వని రోజుల్లో, 1952లో బోస్టన్ వైద్యులు లెవైన్, లౌన్ వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి మేలు జరిగిందని రాశారు. 1986లో నడుంనొప్పి రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. రెండు రోజులవాళ్ళు నష్టపోకపోగా పనికి ముందే వెళ్ళారు. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మర్కిన్ కూడా, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత తానే రాశాడు. సూత్రం పెట్టినవాడు వదులుకున్నా మనం పట్టుకు వేలాడుతున్నాం.

మడమ నొప్పి దగ్గరికే వద్దాం. పిక్కను మడమకు కట్టి ఉంచే దళసరి పట్టీని అకిలిస్ టెండన్ అంటారు. అది చెడేది ఎక్కువగా తట్టుకోలేనంత పని ఒక్కసారిగా మీద పడ్డప్పుడు. నెల రోజులు ఊరుకుంటే నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ ఆ నెలలో పట్టీ ఇంకాస్త బలహీనపడుతుంది. మళ్ళీ పాత దూరం పరుగెత్తగానే నొప్పి తిరిగొస్తుంది. "చెప్పానా, నీకు పరుగు పడదని" అని సలహాదారు గెలుస్తాడు. ఓడించింది పరుగు కాదు, ఆ నెల రోజుల సెలవు.

దీనికి మందు పనే. స్వీడన్‌లో హకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో పదిహేను మంది సరదా క్రీడాకారుల చేత మెట్టు అంచున నిలబడి మడమను మెల్లగా కిందికి దించే కసరత్తు చేయించాడు. రోజుకు రెండు పూటలు, నొప్పి ఉన్నా ఆపకుండా. 12 వారాల్లో పదిహేను మందీ మునుపటిలా పరుగెత్తారు. 2007లో అక్కడే ఇంకో ప్రయోగం జరిగింది. 38 మంది రోగులు, అందరికీ ఒకే కసరత్తు. సగంమందిని ఆరు వారాలు పరుగు మానమన్నారు, తక్కినవాళ్ళను నొప్పి కొలుచుకుంటూ పరుగెత్తమన్నారు. ఏడాదికి రెండు జట్లూ ఒక్కలాగే బాగుపడ్డాయి. మానేసినవాళ్ళకు అదనంగా దక్కిందేమీ లేదు.

ఆ కొలత ఎవరికైనా అర్థమయ్యేదే. అసలు నొప్పి లేకపోతే సున్న, ఓర్చుకోలేనంత ఉంటే పది. పరుగులో అయిదు దాటకూడదు. మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి దిగిపోవాలి. వారం వారం పెరగకూడదు. ఈ మూడూ సరిపోతే సాగాలి, ఏది తప్పినా దూరమో వేగమో తగ్గించాలి. మంగళగిరిలో దీన్ని పాటించడం కష్టమేమీ కాదు. మోకాలిచిప్ప నొప్పి ఉన్నవాడు మా ఊరి కొండను మెట్ల మీదుగా ఎక్కి, దిగేటప్పుడు ఘాట్‌రోడ్డు పట్టుకుంటే చాలు. చిప్ప మీద ఎక్కువ భారం పడేది మెట్లు దిగడంలోనే. మడమ నొప్పి ఉన్నవాడు కొండ జోలికి పోకుండా చదును రోడ్డు మీద మెల్లగా వెళ్ళాలి. నేను చేస్తున్నది ఇదే.

నొప్పిని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే పోలీసు ఉద్యోగాల కోసం పరుగెత్తే కుర్రాళ్ళను చూడండి. కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. 2022 నవంబరులో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరికిగానీ మొదలుకాలేదు. ఎప్పుడు పిలుస్తారో తెలియని ఆ రెండేళ్ళలో కాలి ముందెముక సలుపుతున్నా నొప్పిమాత్ర మింగి పరుగెత్తిన వాళ్ళకు లోటు లేదు. మానెయ్యమనే పెద్దమనిషి, మాత్ర వేసుకొమ్మనే స్నేహితుడు ఒకరికొకరు విరుద్ధంగా కనిపిస్తారు. ఇద్దరిదీ ఒకటే తప్పు. నొప్పి ఏం చెబుతోందో ఇద్దరూ వినరు. ఒకరు దానికి లొంగిపోతారు, ఒకరు దాని నోరు మూస్తారు.

ఆగి తీరాల్సిన నొప్పులూ ఉన్నాయి. ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేంత ఒక్కచోటే నొప్పి ఉంటే, రాత్రి నిద్రలో కూడా సలిపితే, కీలు వాస్తే, మోకాలు బిగుసుకుపోతే, పరుగెత్తినకొద్దీ కుంటు పెరిగితే, ఆ పూటే ఆగి డాక్టరుకు చూపించుకోవాలి. ఎముకలో సన్నని చీలిక వస్తే విశ్రాంతే మందు. కానీ ఆ కొన్నిటి కోసం పెట్టిన నియమాన్ని అన్ని నొప్పులకూ చుట్టబెట్టడం జాగ్రత్త కాదు, బద్ధకం.

మిగిలింది మూడోది, సరదాకి నొప్పి ఎందుకన్నది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. మా ఊళ్ళో గుంట మగ్గం మీద నిజాం అంచు చీర నేసే మనిషి పొద్దస్తమానం గోతిలో కాళ్ళాడిస్తూ కూర్చుంటాడు. గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ ఘాటుకు తుమ్ముతూ మిర్చి బస్తాలు మోస్తాడు. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళ నడుములు సాయంత్రానికి నిలబడవు. వాళ్ళకు మోకాళ్ళు అరుగుతాయని, మానెయ్యమని ఎవరూ చెప్పరు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మర్నాడు మళ్ళీ పని. అదే మనిషి తనకోసం తాను అరగంట పరుగెత్తి నొప్పి అంటే ఊరంతా వైద్యులవుతారు. ఆ మనిషి ఆడదైతే ఇంట్లోవాళ్ళు నొప్పి రాకముందే మానిపిస్తారు. డబ్బు తెచ్చే నొప్పిని భరించమంటాం, సంతోషం తెచ్చే నొప్పిని నిషేధిస్తాం. ఇందులో ఆరోగ్యం మీద శ్రద్ధ కనిపించదు. పెద్దవాళ్ళ ఆటను తప్పుగా చూసే అలవాటు కనిపిస్తుంది.

ఆ అలవాటుకు ఖరీదు ఉంది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఇలాంటి చోట కదిలే మనిషిని ఆపడం చిన్న విషయం కాదు. మడమ నొప్పితో పరుగు మానినవాడు ఈత కొలనుకు వెళ్ళడు, చాలావరకు సోఫాకే వెళతాడు. మడమను కాపాడబోయి గుండెనూ షుగరునూ గాలికొదిలిన సలహాను మంచి సలహా అనలేం.

కాబట్టి డాక్టరు చీటీ మీద "బంద్" అని రాస్తే చేతులు కట్టుకుని లేచి రావద్దు. "ఎంత పరుగెత్తొచ్చు సార్? ఏ కసరత్తు చెయ్యాలి? నొప్పి ఎంతకు చేరితే ఆగాలి? మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?" అని కూర్చునే అడగండి. మాత్రకు మోతాదు రాసేవాళ్ళు పరుగుకూ రాయగలరు. రాయలేనివాళ్ళకు ఆపమనే అధికారమూ లేదు.