‘నడిస్తే సెట్టవుతుంది’ అంటే నమ్మవచ్చునా?

ఇంజను విప్పి బోరు చేయించి తెచ్చిన కారు, విప్పక ముందుకంటే అధ్వాన్నంగా నడవడం మన పల్లెల్లో కొత్త సంగతేమీ కాదు. పంట డబ్బులో నుండి వేలకు వేలు తీసి, పదిహేను ఇరవై రోజులు షెడ్డు చుట్టూ తిరిగి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేయించుకొని తెచ్చిన బండి కాలువ వంతెన ఎక్కలేక ఆయాసపడుతుంటే యజమానికి దొరికే సమాధానం ఒక్కటే. “కొత్త బోరు కదండీ, నాలుగు రోజులు నడిస్తే సెట్టవుతుంది.” ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజం చాటున ఎంతో నిర్లక్ష్యం దాగి ఉన్నదన్నదే నా ఫిర్యాదు.

మా ఇంట్లో ఉన్నది పాత అంబాసిడర్, 1489 సి.సి. పెట్రోలు ఇంజనుది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గనుక ఇప్పుడది మా ఊరి పిల్లలకు వింత వస్తువు. అయినా ఆటోలో కూర్చోలేని రోగిని వెనుక సీటులో పడుకోబెట్టి తీసుకుపోవడానికి మా వీధికి అదే దిక్కు. పొగ ఎక్కువై ఆయిలు తాగుతుంటే క్రిందటేడు పట్నంలోని ఒక షెడ్డులో బోరు చేయించాను. 38 వేలు అయింది. పొగ తగ్గింది, సంతోషమే. కాని లాగుడు పోయింది. ఒకనాటి రాత్రి పొరుగింటి పెద్దాయనకు గుండెనొప్పి వస్తే ఎక్కించుకొని బయలుదేరాను. వంతెన ఎత్తులో ఫస్టు గేరులో కూడా ఎక్కలేక ఇంజను ఆగింది. 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా నలభై నిమిషాలు ఆ చీకట్లో నిలబడ్డాము. ఆయన బ్రతికి బయటపడ్డాడు గాని, ఆ నలభై నిమిషాలూ ఆయన భార్య ముఖం నేను చూడలేకపోయాను.

మర్నాడు షెడ్డుకు తీసుకుపోతే కార్బొరేటరు కిట్టు మార్చారు. తగ్గలేదు. కాయిలు మార్చారు. తరువాత పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు, ఆఖరుకు పెట్రోలు పంపు కూడా మార్చారు. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్లు ప్రతిసారీ ఏదో ఒక కొత్త సామాను, ప్రతిసారీ “సెట్టవుద్ది బాబాయ్ గారూ” అన్న మాట. ఇంకొక 11 వేలు ఆ దారిన పోయాయి. ఇన్నిసార్లలో ఒక్కరైనా ఒక గేజి పెట్టి చూడలేదు, ఒక అంకె కాగితం మీద వ్రాయలేదు.

సెట్టవడమంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. కొత్త రింగులు బోరు గోడకు ఒరుసుకొని సరిగా అంటుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అంతవరకు ఇంజను బిగుతుగా తిరుగుతుంది, కాస్త వేడెక్కుతుంది, లాగుడు ఒక పిసరు తక్కువగా ఉంటుంది. ఇది నాలుగు సిలిండర్లకూ ఒకేలా ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతుంది. తగ్గకపోతే అది బిగుతు కాదు, జబ్బు. ఒక సిలిండరు అందుకోకపోవడం, సైలెన్సరులో టపాసులు పేలడం, కార్బొరేటరు నుండి తుమ్మడం వంటివి కాశీదాకా నడిపినా సెట్టు కావు. పైగా టాపెట్లు బిగుతుగా ఉంటే వాల్వు మాడిపోతుంది. టైమింగు తప్పితే కొత్త పిస్టనే దెబ్బ తినవచ్చు. అంటే నడిపిన కొద్దీ ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు.

నా దృష్టిలో మొదటి సూత్రం చాలా చిన్నది. రిపేరుకు ముందు లేని లోపం రిపేరు తరువాత వచ్చిందంటే, దాన్ని చేతులు పడిన చోటనే వెదకాలి. మొన్నటిదాకా బాగా పనిచేసిన కార్బొరేటరు జెట్లు షెడ్డు గడప దాటగానే ఎందుకు చెడతాయి? మారింది దాని క్రింది గాస్కెట్టు, మానిఫోల్డు బిగింపు. అక్కడ సందు ఉంటే అక్కరలేని గాలి లోపలికి పోతుంది. స్లోలో ఇంజను వణుకుతుంది, వేగం పెంచితే బాగానే ఉన్నట్లనిపిస్తుంది. సబ్బు నీళ్ళు ఆ జాయింటు చుట్టూ పోసి చూస్తే ఇంజను శబ్దం మారుతుంది, గుట్టు బయటపడుతుంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజను మీద ఆ పని బండిని తగలబెట్టుకోవడమే.

ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడం ఇలాంటి పాత బండ్లలో పల్లెటూరి కుర్రవాడికి కూడా చేతనవుతుంది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఏ వైరు తీసినప్పుడు ఇంజను శబ్దం మారదో ఆ సిలిండరే సోమరి. (కంప్యూటరు ఉన్న ఈ కాలపు బండ్లలో ఈ పని చేయరాదు, సామాను పోతుంది.) అంబాసిడర్ ఇంజను పేలే వరుస 1-3-4-2. హెడ్డు దింపి ఎక్కించినప్పుడు రెండు వైర్లు తారుమారైనా చాలు, లక్షల బండి ఎడ్లబండిలా ఊగుతుంది. దీనికి కావలసింది ఒక్క నిమిషం, కాసింత శ్రద్ధ.

అన్నింటికంటె ముఖ్యమైనది కంప్రెషను గేజి. నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిలు కనెక్షను ఊడదీసి, యాక్సిలేటరు పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫు కొట్టి, ఏ సిలిండరుకు ఎంత వచ్చిందో వ్రాసుకోవాలి. అంకె ఎంత అన్నదానికంటె నాలుగూ సమానంగా ఉన్నాయా అన్నది చూడాలి. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు తక్కువ చూపితే ఆ రెంటి మధ్య హెడ్డు గాస్కెట్టును అనుమానించాలి. ఒక్కటే తక్కువైతే అందులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్టు. కొత్తగా వేసిన హెడ్డు కొంత నడిచిన తరువాత నట్లు మళ్ళీ వరుస ప్రకారం బిగించాలి. బిగిస్తే టాపెట్ల సందు తగ్గుతుంది గనుక వాటినీ మళ్ళీ సరిచేయాలి. ఆ రెండవ బిగింపుకు బండిని పిలిచే షెడ్డు నాకింతవరకు కానరాలేదు. ఈ ఇంజనుకు పాత మేస్త్రీలు ఒక తొమ్మిది లెక్క చెప్పేవారు. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరుచుకొని ఉన్నప్పుడు ఒకటవది, ఏడవది తెరుచుకున్నప్పుడు రెండవది సరిచేయాలి. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఇప్పటి కుర్రవాళ్ళలో ఈ లెక్క తెలిసినవారు అరుదు.

కొత్త కార్లవారు స్కానరు పెడితే అంతా తెలిసిపోతుందనుకుంటారు. స్కానరు ఫలానా సిలిండరు సరిగా పేలడం లేదని చెబుతుంది. అది ఏ కారణం చేతనో వెదకవలసింది మనిషే. బిగించేటప్పుడు ఒక సెన్సరు ప్లగ్గు ఊడి వేలాడుతున్నా సెన్సరే మార్చి బిల్లు చేసిన ఉదంతాలు విన్నాను.

తప్పంతా మెకానిక్కులదే అనడం కూడా న్యాయం కాదు. రెండు గంటలు కష్టపడి లోపం కనిపెట్టినవానికి మనం టీ డబ్బులిచ్చి పంపుతాము. అదే ఒక సామాను మారిస్తే మారు మాటాడక ఇస్తాము. ఇక వాడు వెదకడం ఎందుకు, మార్చడమే మేలు గదా! హెడ్డు గాస్కెట్టు పాతదే వేయమని, చవక రింగులు చాలునని బేరమాడేదీ మనమే. కనుక వెదికే పనికి వేరే కూలి ఇవ్వడం మనం అలవాటు చేసుకోవాలి. అందుకు బదులుగా కంప్రెషను అంకెలు కాగితం మీద అడగాలి, తీసిన పాత సామాను సంచిలో వేయించుకోవాలి, బిల్లు లేనిదే పైకం ఇవ్వరాదు. డబ్బు తీసుకొని చేసిన రిపేరు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవయే. లోపం ఉంటే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. బ్రతుకుతెరువు కోసం స్వయంగా టాక్సీ నడుపుకొనేవారికీ ఇది వర్తిస్తుంది. 1915కు ఫోను చేసినా దారి చెబుతారు. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ కోర్సు నడుపుతున్న చోట వారానికొక రోజు నామమాత్రపు రుసుముతో గ్రామస్థుల బండ్లకు గేజి పెట్టి అంకెలు వ్రాసి ఇస్తే విద్యార్థులకు అనుభవం, మనకు ఆధారం దొరుకుతాయి. అధికారులు ఈ సంగతి ఆలోచించవలసి ఉంది.

మా బండి సంగతికి వస్తే, చివరకు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన ఒక మేస్త్రీగారిని బ్రతిమాలుకున్నాను. “కార్బొరేటరు జోలికి పోవద్దు తమ్ముడూ, ముందు ప్లగ్గులు నాలుగూ తీయించు” అన్నారు. కంప్రెషను నాలుగింటికీ సమానంగానే వచ్చింది, కాని నాలుగింటికీ తక్కువే. ఆయిలు పోసినా పెరగలేదు. అంటే రింగుల తప్పు కాదు. నాలుగు వాల్వు జతలూ ఒకేసారి చెడవు. టాపెట్ల సందులు కొలిస్తే సరిగానే ఉన్నాయి. ఇక ఆయన రాకర్ కవరు తెరచి ఉంచి ఇంజనును చేత్తో మెల్లగా త్రిప్పించారు. ఒకటవ పిస్టను పేలే సమయానికి పైకి వచ్చినప్పుడు నాలుగవ సిలిండరులో ఒక వాల్వు మూసుకుంటూ, రెండవది తెరుచుకుంటూ ఉండాలి. ఆ చేతులు మారడం పుల్లీ గుర్తుకు దగ్గరగా జరగాలి. మా దాంట్లో గుర్తు ఎప్పుడో దాటిపోయిన తరువాత గాని జరగలేదు.

ముందు కవరు విప్పితే టైమింగు చైను పళ్ళచక్రాల మీద ఎదురెదురుగా ఉండవలసిన చుక్కలు ఒక పన్ను తప్పి ఉన్నాయి. బోరు చేసిననాడే జరిగిన పొరపాటది. ఆ కవరు విప్పడం పెద్ద పని గనుక ఇన్నాళ్ళూ ఎవరూ దాని జోలికి పోలేదు. గాస్కెట్టు, ఆయిలు, మేస్త్రీగారి కూలి అంతా కలిపి 2,600 అయింది. ఇప్పుడు బండి వంతెనను థర్డు గేరులో ఎక్కుతున్నది. అవసరం లేకుండా మార్చిన 11 వేల సామాను డబ్బు తిరిగి ఇమ్మని షెడ్డు యజమానికి ఉత్తరం వ్రాశాను. ఫోను చేసి, “బండి సెట్టయింది గదా బాబాయ్ గారూ, ఇంకేమిటి?” అన్నాడు. ఉత్తరానికి మాత్రం జవాబు ఇంకా రాలేదు.